పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతోంది, ర్యాక్ మొత్తం మార్చాల్సిందేనా? (బెంగళూరు)

హూడీ_బేస్‌మెంట్:

బండి 2012 డీజిల్ ఎస్‌యూవీ, 1,48,000 కి.మీ. తిరిగింది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, పంపు బెల్టు మీద తిరుగుతుంది, ఇంజిన్‌కి ఎడమవైపు ఉంది. ఆయిల్ డబ్బాలో ఎర్ర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్).

రెండు నెలలుగా పది రోజులకోసారి 150 మి.లీ. దాకా పోయాల్సి వస్తోంది. బెంగళూరు హూడీ ఏరియాలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పెడతాను. తెల్లారేసరికి ముందు ఎడమ చక్రం వెనకాల అరచేయంత ఎర్ర మరక. పొద్దున స్టార్ట్ చేసి ఫుల్ కట్ కొట్టి (స్టీరింగ్ చివరిదాకా తిప్పి) బయటికి తీసేటప్పుడు పంపు దగ్గర మూలుగు వినిపిస్తుంది, ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. స్టీరింగ్ బరువేమీ పెరగలేదు.

గ్యారేజీలో లిఫ్ట్ మీదికెత్తి చూసి, ర్యాక్ (ముందు చక్రాలని అటూ ఇటూ తిప్పే స్టీరింగ్ బాక్స్) అంతా తడిగా ఉంది, కొత్తది వేయాలన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చు బండి విలువలో చెప్పుకోదగ్గ భాగం. నిజంగా ర్యాక్ పోయిందో లేదో నేనే తేల్చుకునే దారి ఉందా? పై శనివారం ములబాగల్, పలమనేరు మీదుగా తిరుపతి వెళ్ళాలి. ఇలాగే వెళ్ళొచ్చా? నా దగ్గర జాకీ, రెండు స్టాండ్లు, పానాల సెట్టు ఉన్నాయి.

పానా_నంబర్_17:

ర్యాక్ తడిగా ఉండటం ఒక్కటీ చాలదండీ. ఆ మొత్తం అమరికలో అన్నిటికంటే కింద ఉండేది అదే, పైన ఎక్కడ కారినా చివరికి చేరేది దాని మీదికే. తడి మొదలైన అన్నిటికంటే పై చోటు దొరికేదాకా ఏ పార్టూ కొనకండి.

ముందు ఒక చిన్న అనుమానం తీర్చుకోండి. డబ్బా మీద కోల్డ్, హాట్ అని రెండు గీతలుంటాయి. చల్లటి బండిలో హాట్ గీత దాకా నింపేస్తే, వేడెక్కి పొంగిన ఆయిల్ మూతలోని గాలి రంధ్రం గుండా బయటికొచ్చి డబ్బా పక్కనుంచి జారుతుంది. కారుతోందని పోస్తూ, పోసినందువల్లే కారే బండ్లు చాలా ఉంటాయి. మూత చుట్టూ, డబ్బా ఒంటి మీద తడి ఉందా చూడండి.

తర్వాత కడగాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కింది ప్లాస్టిక్ ట్రే విప్పేయండి. ఇది తప్పనిసరి. పగలు కారినదంతా అందులో నిలిచి రాత్రంతా చుక్కలుగా రాలి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. డబ్బా, పంపు, పైపులు, ర్యాక్ అన్నిటికీ డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, నీళ్ళతో కడగండి. ఆల్టర్నేటర్‌కి కవర్ చుట్టండి. కిరసనాయిలుతోనో డీజిల్‌తోనో కడగొద్దు. అదే ఒక జిడ్డు పొర వదిలిపోతుంది, ఇక కొత్త తడి ఏదో పాత తడి ఏదో తెలియదు. పూర్తిగా ఆరాక జాయింట్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. కింద తెల్ల అట్ట పరవండి.

ఇప్పుడు రెండు పరీక్షలు, రెంటినీ కలపకుండా.

మొదటిది, ఇంజిన్ ఆపి రాత్రంతా వదిలేయడం. ఇంజిన్ ఆగితే లైన్‌లో ప్రెషర్ ఉండదు. అప్పుడు కూడా పౌడరు ఎర్రబడిందంటే ఆయిల్ తన బరువుకే దిగుతోందన్నమాట: డబ్బా పగులు, డబ్బానుంచి పంపుకి వెళ్ళే లావు పైపు, ఆయిల్‌ని తిరిగి డబ్బాలోకి తెచ్చే రిటర్న్ పైపు క్లిప్పు, పంపు ఓరింగు, ఇలాంటివి.

రెండోది, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి ఇంకొకరిచేత స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించడం. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు లైన్‌లో ఉండే ప్రెషర్ కొద్ది బార్ (ప్రెషర్ కొలత) మాత్రమే. ఫుల్ కట్‌లో అది చాలా బండ్లలో 80 నుంచి 100 బార్ దాకా ఎక్కుతుంది. ప్రెషర్ పైపు లోపమైతే ఆ క్షణంలోనే చెమర్చుతుంది. చివర్లో పట్టి ఉంచేది 5 సెకన్లకు మించకూడదు. పట్టి ఉంచితే, ప్రెషర్ మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ పంపులోపలే గిరగిరా తిరుగుతూ మహా వేగంగా వేడెక్కుతుంది. చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సన్నని చిల్లునుంచి ప్రెషర్‌తో వచ్చే నూనె చర్మంలోకి దూరిపోగలదు.

ర్యాక్ సంగతి తేల్చేది మాత్రం బూట్లే. రెండు చివర్లా ముడతల రబ్బరు బూట్లుంటాయి కదా, టై రాడ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే రాడ్) వైపున్న చిన్న క్లిప్పు తీసి, బూట్ అంచు వెనక్కి జరిపి, కింద గుడ్డముక్క పెట్టండి. లోపల గ్రీజు ఉండటం మామూలే, పల్చటి ఎర్ర ఆయిల్ మాత్రం ఉండకూడదు. ఉంటే ఆ వైపు సీల్ వదిలేసింది. చాలా ర్యాకుల్లో రెండు బూట్లనీ కలిపే సన్నని గాలి గొట్టం ఒకటుంటుంది, దాంట్లోంచి ఆయిల్ అటువైపుకీ వెళ్తుంది. కాబట్టి రెండింట్లోనూ ఉంటే రెండు సీళ్ళూ పోయాయని వెంటనే అనుకోవద్దు.

ఇంకొక చోటు జనం మర్చిపోయేది: స్టీరింగ్ రాడ్ ర్యాక్‌లోకి దిగే దగ్గర, వాల్వ్ పైన ఉండే సీల్. అది కారితే కొన్ని బండ్లలో డ్రైవర్ కాళ్ళ దగ్గర మ్యాట్ కింద జిడ్డు కనిపిస్తుంది.

గాలిబుడగ:

పైన అన్నీ చెప్పారు, మూలుగు మాట నేను చెప్తాను. పొద్దున మూలిగి వేడెక్కాక ఆగుతోందంటే పంపుకి ఆయిల్ సరిగ్గా అందట్లేదు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, పంపు గట్టిగా పీలుస్తుంది, పీల్చే దారిలో ఎక్కడైనా వదులుంటే అక్కడినుంచి గాలి కూడా లాక్కుంటుంది. డబ్బాకీ పంపుకీ మధ్యనున్న లావు పైపులో తమాషా ఏంటంటే, ఇంజిన్ నడుస్తుంటే బయటికి చుక్క రాదు, లోపలికి గాలి పోతుంది. ఇంజిన్ ఆపాకే కారుతుంది. మీ రాత్రి మరకకీ పొద్దుటి మూలుగుకీ ఇద్దరు దొంగలక్కర్లేదు, ఒక్కడే చాలు.

చూసే పద్ధతి తేలిక. మూలుగుతున్నప్పుడే ఆ పైపు రెండు చివర్లా క్లిప్పుల మీద సిరంజితో కొంచెం ఏటీఎఫ్ వదలండి. ఒక్కసారిగా శబ్దం మారితే లేదా తగ్గితే గాలి అక్కడే దూరుతోంది. డబ్బా మూత తీసి కూడా చూడండి: నురగ, లేత గులాబీ రంగు ఉంటే గాలి కలిసింది. ఇంజిన్ ఆపి గంట వదిలేస్తే మళ్ళీ తేటపడాలి. తేటపడకుండా పాలు కలిపినట్టే ఉంటే అది నీళ్ళు, అప్పుడు ఫ్లష్ చేయాల్సిందే.

డబ్బా అడుగున సన్నని జల్లెడ ఉంటుంది. 2012 నాటి బండిలో అది మడ్డితో మూసుకుపోయినా ఇదే మూలుగు వస్తుంది. కొన్ని డబ్బాల్లో జల్లెడ విడిగా ఊడి రాదు, డబ్బా మొత్తం మార్చాలి. పెద్ద ఖరీదేం కాదు.

వర్తూరు_గుంతలు:

ఇంత కష్టం ఎందుకు బ్రో, స్టాప్ లీక్ సీసా ఒకటి పోసేయండి. దార్లో తగ్గితే బ్రేక్ ఆయిల్ పోసి లాగించేవాళ్ళు కూడా ఉన్నారు.

పానా_నంబర్_17:

బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దే వద్దు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ జాతివి, స్టీరింగ్ సీళ్ళు పెట్రోలియం నూనెకి తగ్గట్టు చేసిన రబ్బరు. బ్రేక్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పంపు, వాల్వ్, ర్యాక్ మూడూ ఒకేసారి పోతాయి. ఇప్పుడున్న ఒక్క లీకు నాలుగవుతుంది. దార్లో నిజంగా ఏమీ దొరక్కపోతే నెమ్మదిగా బరువు స్టీరింగ్‌తో దగ్గర్లోని పెట్రోల్ బంక్ దాకా వెళ్ళి ఏటీఎఫ్ అడగడం మేలు.

స్టాప్ లీక్ పని చేయదని అనను. అందులోని రసాయనం గట్టిపడ్డ సీల్‌ని కొంచెం ఉబ్బించి మెత్తబరుస్తుంది. వయసుకి బిగుసుకున్న సీల్ చెమర్చుతుంటే కొన్నాళ్ళు ఆగుతుంది. పగిలిన పైపుకీ, తుప్పు పట్టిన రాడ్‌కీ, వదులు క్లిప్పుకీ అది చేసేదేం లేదు. ఎక్కడ కారుతోందో తెలియకముందే పోస్తే ఉన్న ఆధారం చెరిపేసుకున్నట్టు.

హూడీ_బేస్‌మెంట్:

ఆదివారం మొత్తం దీనికే పోయింది. చూసినవి చెప్తాను.

మూత, డబ్బా పొడిగా ఉన్నాయి. రాత్రి పరీక్షలో డబ్బా కింది లావు పైపు, పంపు వైపు క్లిప్పు దగ్గర పౌడరు ఎర్రగా ముద్దయింది. పైపు చివర రాయిలా బిగుసుకుపోయింది, గోటితో నొక్కినా దిగట్లేదు. మూలుగుతున్నప్పుడు అక్కడ ఏటీఎఫ్ వదిలితే శబ్దం వెంటనే సగానికి పడిపోయింది.

ఇంజిన్ నడుపుతూ తిప్పించినప్పుడు ప్రెషర్ పైపులో రబ్బరు, ఇనుము కలిసే నొక్కుడు దగ్గర చెమట పట్టింది. నాలుగైదు సార్లు ఫుల్ కట్ కొట్టాక చుక్కగా మారి కింద పడింది.

కుడి బూట్ పొడిగా ఉంది. ఎడమ బూట్‌లో రెండు చెంచాల ఎర్ర ఆయిల్, మట్టితో కలిసి. బూట్ మడతలో ఒక చీలిక ఉంది. లోపలి రాడ్ మీద ఒకటి రెండు చోట్ల తుప్పు రంగు.

అంటే మూడు చోట్లా కారుతోంది. ఇప్పుడేం చేయాలి, ఏది ముందు?

జేసీరోడ్_చూపు:

పైపులు ముందు. ఆ రెండూ ఒకే పూటలో అయిపోయే పని.

లావు పైపుకి బండి పార్ట్ నంబరుతో ఉన్న వంపు పైపే అడగండి, బండి పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో ఒక షాపులో లేకపోతే పక్క షాపులో దొరుకుతుంది. తిన్న పైపు కోసి వంచితే మలుపులో నలిగి మళ్ళీ పంపు ఆకలితో మూలుగుతుంది. రేడియేటర్ నీళ్ళ పైపు ముక్క పెట్టేవాళ్ళున్నారు, ఒప్పుకోవద్దు. అది నీళ్ళకి చేసిన రబ్బరు, నూనెలో వారాల్లో ఉబ్బిపోతుంది. క్లిప్పు కూడా కొత్తదే వేయండి. డబ్బా ముక్కు ప్లాస్టిక్, స్క్రూ క్లిప్పు బలంకొద్దీ బిగిస్తే అది చిట్లుతుంది. స్ప్రింగ్ క్లిప్పు ఉన్న బండికి స్ప్రింగ్ క్లిప్పే మంచిది, రబ్బరు వేడికి సాగినా ముడుచుకున్నా పట్టు వదలదు.

ప్రెషర్ పైపు విషయంలో రెండు దారులు. కంపెనీ పైపు దొరికితే అదే. దొరక్కపోతే హైడ్రాలిక్ పైపులు నొక్కే షాపులో మీ పాత ఇనుప కొసలకే కొత్త రబ్బరు పెట్టి నొక్కిస్తారు. అక్కడ అడగాల్సిన మాట ఎస్ఏఈ జే188. అది పవర్ స్టీరింగ్ ప్రెషర్ పైపుకున్న ప్రమాణం. జేసీబీలకి వేసే రెండు తీగల పైపు బలంలో ఏమీ తక్కువ కాదు, కానీ అది ఉబ్బదు. స్టీరింగ్ పైపు ప్రెషర్‌కి కొద్దిగా ఉబ్బి పంపు కొట్టుకోవడాన్ని మింగేయాలి, కొన్నిట్లో లోపల శబ్దం తగ్గించే సన్నగొట్టం కూడా ఉంటుంది. గట్టి పైపు వేస్తే లీకు ఆగుతుంది కానీ ఫుల్ కట్‌లో బుర్రుమనే అదురు స్టీరింగ్‌లోకి వస్తుంది. పాత పైపుని కోసి రెండు క్లిప్పులతో అతికించడం అంటారా, 100 బార్ దగ్గర క్లిప్పు నిలవదు. పక్కనే ఎగ్జాస్ట్ ఉంటే ఆ వేడికి ఏటీఎఫ్‌కి నిప్పంటుకోవచ్చు కూడా.

పని వరస: మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజితో డబ్బా ఖాళీ చేయండి. పైపు నట్లు విప్పేటప్పుడు రెండు పానాలు వాడండి, ఒకటి నట్టుకి, ఒకటి ఎదురు పట్టుకోవడానికి. లేకపోతే ఇనుప గొట్టం మెలిపడుతుంది. బోల్టు మధ్యలో రంధ్రం ఉండే రకమైతే రెండు వైపులా రాగి వాషర్లు ఉంటాయి, అవి రెండూ కొత్తవే. పాత వాషర్ తిరగేసి వేస్తే నెలకి మళ్ళీ ఇక్కడికే వస్తారు. కొత్త పైపు రెండు చివర్లూ చేత్తోనే మరలు ఎక్కించి, పైపు ఎక్కడా బాడీకి, ఎగ్జాస్ట్‌కి తగలకుండా క్లాంపుల్లో కూర్చోబెట్టాకే బిగించండి. బిగువు మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారమే, అంచనాతో కాదు.

ఏటీఎఫ్ 2 లీటర్లు కొనండి, మాన్యువల్‌లో రాసిన రకమే. ఒకటి నింపడానికి, ఒకటి కడగడానికి. రిటర్న్ పైపు డబ్బానుంచి ఊడదీసి, డబ్బా ముక్కుకి బిరడా పెట్టి, పైపు చివర సీసాలోకి వదలండి. ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద గాల్లో ఉండాలి. ఇంజిన్ ఆపే ఉంచి స్టీరింగ్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే పాతది సీసాలోకి వస్తుంది. డబ్బా ఖాళీ కాకుండా పైనుంచి పోస్తూనే ఉండాలి. ఎర్రగా కొత్తది వచ్చేదాకా. ఇంజిన్ మీద చేస్తే డబ్బా కొన్ని సెకన్లలో ఖాళీ అయిపోతుంది, మొదటిసారి చేసేవాళ్ళు ఆ జోలికి పోవద్దు.

గాలిబుడగ:

పైపు తిరిగి పెట్టాక గాలి తీయడం మర్చిపోవద్దు. కోల్డ్ గీత దాకా పోసి, చక్రాలు గాల్లోనే ఉండగా, ఇంజిన్ ఆపి, ఆ చివరినుంచి ఈ చివరికి 15, 20 సార్లు నిదానంగా తిప్పండి. డబ్బాలో బుడగలు ఆగాయా, ఆయిల్ దిగిందా చూస్తూ పోయండి. అప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్‌లోనే ఇంకో ఐదారు సార్లు. ఇంజిన్ ఆపగానే డబ్బాలో మట్టం ఒక్కసారిగా పైకి లేస్తే లోపల గాలి ఇంకా ఉన్నట్టు. అరగంట వదిలి మళ్ళీ చేయండి. తొందరపడి రేజ్ చేస్తే నురగొస్తుంది, తర్వాత పూటంతా అదే పని.

పానా_నంబర్_17:

ఇక ర్యాక్. కుడివైపు డ్రైవింగ్ బండిలో పినియన్ (స్టీరింగ్ రాడ్ కొసనున్న పళ్ళ చక్రం) కుడి చివర ఉంటుంది, ఎడమ చివర నున్నటి రాడ్ సీల్‌లోంచి బయటికొచ్చి లోపలికి పోతుంటుంది. మీ బూట్ చిరిగి, వానల్లో వర్తూరు, వైట్‌ఫీల్డ్ గుంతల బురదనీళ్ళు లోపలికి పోయాయి. రాడ్ తుప్పు పట్టింది. ఆ తుప్పు గరుకు ప్రతి తిప్పుడుకీ సీల్ పెదవిని గీరుతోంది. కారణం బూట్, ఫలితం సీల్. ఆ బూట్ ఎప్పుడు చిరిగిందో తెలియక ఇంతదాకా వచ్చింది. బెంగళూరులో ప్రతి వానాకాలం ముందూ బూట్లు చూసుకోవడం ఇంజిన్ ఆయిల్ మార్చినంత ముఖ్యం అంటాను.

రెండు చెంచాల ఆయిల్ రెండు నెలల్లో చేరిందో రెండేళ్ళలో చేరిందో ఇప్పుడు చెప్పలేం. అందుకే ఇవాళే ర్యాక్ దించొద్దు. బూట్‌లోని ఆయిల్, మట్టి తుడిచేయండి. స్టీరింగ్ కుడికి, ఎడమకి తిప్పి రాడ్ పొడవంతా గుడ్డతో తుడిచి గోరు గీసి చూడండి. గోరు ఎక్కడా తగులుకోకపోతే అది పైపై మరక. కొత్త బూట్, కొత్త క్లిప్పులు వేసి 500 కి.మీ. తర్వాత మళ్ళీ చిన్న క్లిప్పు తీసి చూడండి. గుడ్డకి తడి మాత్రమే అంటితే దానితో చాలాకాలం బతకొచ్చు. మళ్ళీ చెంచా ఆయిల్ ఉంటే రిపేరు. గోరు గుంటలో దిగితే సీల్ కిట్ వేయించి డబ్బు పోగొట్టుకోవద్దు, ఆ గుంటే కొత్త సీల్‌నీ కోసేస్తుంది. రాడ్ మార్చాలి, లేదా ర్యాక్.

బూట్ మార్చడానికి టై రాడ్ ఎండ్ విప్పాలి. విప్పేముందు లాక్ నట్ దగ్గర పెయింట్ గీత పెట్టండి, ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి అన్ని చుట్లకే ఎక్కించండి. అయినా వీల్ అలైన్‌మెంట్ తప్పదు.

ఎప్పుడైనా ర్యాక్ దించే రోజొస్తే రెండు మాటలు. ఒకటి, స్టీరింగ్ చక్రం తిన్నగా పెట్టి సీటు బెల్టుతోనో తాడుతోనో కట్టేయమనండి. కింద షాఫ్ట్ విడిపోయాక ఎవరైనా సరదాగా చక్రం తిప్పితే ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్ళే చుట్టల తీగ తెగుతుంది. సీల్ కోసం వచ్చిన బండి ఎయిర్‌బ్యాగ్ లైటుతో వెళ్తుంది. రెండోది, వాల్వ్ మీదుండే టెఫ్లాన్ రింగులు సాగదీసి ఎక్కించాక గొట్టంలో పెట్టి మళ్ళీ ముడుచుకోనివ్వాలి. అది చేయకుండా తోసేస్తే రింగు తెగి, ఒకవైపు స్టీరింగ్ తేలిక, ఇంకోవైపు బరువు అవుతుంది. రిపేరు చేసే చోట బల్ల మీద పంపు ప్రెషర్ పెట్టి టెస్ట్ చేసే ఏర్పాటు ఉందా అని ముందే అడగండి. బండికి బిగించి స్టార్ట్ చేసి చూద్దాం అనే చోట ఇవ్వకండి.

తిరుపతి సంగతి. ఇప్పుడున్న స్థితిలో వద్దు. ఆయిల్ పూర్తిగా పోయినా స్టీరింగ్ చక్రాలకి ఇనుముతోనే కలిసుంటుంది, తిరగకుండా పోదు, బరువెక్కుతుంది. అసలు భయం పంపుది. పొడిగా తిరిగి బిగుసుకుపోతే బెల్టు తెగుతుంది. మీ బండిలో అదే బెల్టు మీద ఆల్టర్నేటర్, నీళ్ళ పంపు కూడా ఉన్నాయేమో బానెట్ ఎత్తి చూడండి. ఉంటే పలమనేరు దాటాక వచ్చే మొగిలి ఘాట్‌లో బరువు స్టీరింగ్‌తో పాటు ఇంజిన్ వేడెక్కడం కూడా చేతికొస్తుంది. గురువారంలోపు పైపులు మార్చి, రెండు రోజులు సిటీలో ఆఫీసుకి తిప్పి, కింద అట్ట పరిచి చూడండి. అట్ట తెల్లగా ఉంటే బయల్దేరండి. బండిలో అర లీటరు ఏటీఎఫ్, గరాటు, గుడ్డ ఉంచుకోండి. పలమనేరులో ఆగినప్పుడు ఒకసారి మట్టం చూడండి, అప్పుడు హాట్ గీత లెక్క.

హూడీ_బేస్‌మెంట్:

రాడ్ మీద గోరు తగల్లేదు, మరకే. రెండు పైపులూ, ఎడమ బూట్, వాషర్లు, 2 లీటర్ల ఏటీఎఫ్ రాసుకున్నాను, బుధవారం జేసీ రోడ్డుకి వెళ్తున్నాను. ట్రే తిరిగి బిగించాలా, పరీక్ష అయ్యేదాకా వదిలేయాలా? బేస్‌మెంట్ నేల మీది మరకకి ఏదైనా ఉందా, అసోసియేషన్ వాళ్ళు ఫోటోలు పెడుతున్నారు.

జేసీరోడ్_చూపు:

సిటీలో తిప్పే ఆ రెండు రోజులూ ట్రే లేకుండానే ఉంచండి, అట్ట మీద చుక్క ఏ జాయింట్ కిందదో సూటిగా తెలుస్తుంది. తిరుపతి బయల్దేరే ముందు బిగించండి, లేకపోతే బెల్టు మీదికి నీళ్ళు, రాళ్ళు కొడతాయి.

మరక మీద పొడి సిమెంటు గానీ రంపపు పొట్టు గానీ మందంగా చల్లి, చీపురుకట్టతో రుద్ది, ఒక రాత్రి వదిలి ఊడ్చేయండి. రెండుసార్లు చేయాల్సి రావచ్చు. సీసాలోకి తీసిన పాత ఆయిల్ బేస్‌మెంట్ డ్రెయిన్‌లో పోయకండి. పైపులు కొనే రోజే దాన్నీ తీసుకెళ్ళి, ఏ గ్యారేజీలో వాడిన ఆయిల్ డ్రమ్ము ఉంటే అందులో పోయించండి.